అడక్కుండా మందు మార్చి పంపారు, దీనికి జవాబు కావాలి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

మాది కోనసీమలో రాజోలు దగ్గర ఊరు. మా పాపకి లూపస్ అనే జబ్బు, ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే ఒంటిని దెబ్బతీస్తుంది. నెలనెలా మందులు మీ యాప్‌లోనే తెప్పిస్తాం, ఎందుకంటే అమలాపురం వెళ్లినా ఒకటి దొరికితే ఇంకోటి దొరకదు. ఈసారి చీటీలో హైడ్రాక్సీక్లోరోక్విన్ అని ఉంటే మీరు క్లోరోక్విన్ పంపారు. స్టాకు లేదట, అందుకని "అలాంటిదే" పెట్టారట. ముందు ఒక్క ఫోన్ కూడా లేదు.

అడిగితే మీ కస్టమర్ కేర్ అబ్బాయి "రెండూ మలేరియా మాత్రలేగా మేడమ్" అన్నాడు. మలేరియాకీ వాడతారు, కాదనను. కానీ మోతాదు లెక్కలు వేరు, క్లోరోక్విన్‌తో కంటి రెటీనాకి ముప్పు ఎక్కువ. హైడ్రాక్సీక్లోరోక్విన్‌నే పిల్ల బరువు చూసి, రోజుకి కిలోకి 5 మిల్లీగ్రాములు దాటకుండా రాస్తారు, మధ్యమధ్యలో కళ్లు కూడా చూపించమంటారు.

అంతకంటే ఘోరం ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మందు సంగతి. వానల వల్ల పార్సిల్ లేటు, "రెండ్రోజులు వేయకపోతే ఏం కాదులెండి" అని మీవాళ్ల సలహా! ఎవరండీ వాళ్లు ఆ మాట చెప్పడానికి? నెలల తరబడి స్టెరాయిడ్ వాడే పిల్లల్లో ఒంట్లో సహజంగా తయారయ్యే కార్టిసాల్ అనే హార్మోన్ తగ్గిపోతుంది, ఉన్నట్టుండి ఆపేస్తే వాంతులు, నీరసం, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికి కూడా వస్తుంది, అందుకే డాక్టరు గారు మాన్పించాలన్నా కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. గోదావరికి వరదొస్తే లంక ఊళ్లకి పడవలే గతి అని మాకూ తెలుసు. లేటవుతుందని ముందే చెబితే ఇంకెక్కడైనా తెచ్చుకునేవాళ్లం. మీ యాప్ మాత్రం "డెలివరీకి బయల్దేరింది" అని చూపిస్తూనే కూర్చుంది.

పిల్లల్లో ఈ జబ్బు పెద్దవాళ్లలో కంటే ఎక్కువగా కిడ్నీల మీద పడుతుంది. మూత్రంలో ప్రొటీన్ పోతోందా, బీపీ పెరిగిందా అన్న టెన్షన్ మాకెప్పుడూ ఉండేదే, దానికి మీరు తోడు. పైగా పార్సిల్‌లో ఉచితంగా ఇమ్యూనిటీ పెంచే పొడి ఒకటి! రోగనిరోధక శక్తే సొంత ఒంటి మీద తిరగబడే జబ్బండీ ఇది.

నా డబ్బులు వెనక్కి వేయండి. డాక్టరు ఒప్పుకోకుండా మందు మార్చకండి. స్టాకు లేకపోయినా, లేటవుతున్నా అదే రోజు ఫోన్ చేయండి, అది కూడా ఫార్మసిస్టు చేత చేయించండి. వారంలోగా రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ గారికి ఫిర్యాదు చేస్తాను. క్లోరోక్విన్ స్ట్రిప్పులు విప్పకుండా ఉంచాం, మనిషిని పంపి పట్టుకెళ్లండి.