పాత గేర్ సైకిల్‌ని తక్కువ ఖర్చులో సింగిల్ స్పీడ్ చేయించుకోవాలనుకునే మా కస్టమర్లకి

అందరికీ నమస్కారం అండి. ఇన్నాళ్లూ అడిగినవాళ్లకి మాత్రమే చేసిచ్చిన పనిని ఈ నెల నుంచి మన షాపులో రెగ్యులర్‌గా పెట్టాం, అదే పాత గేర్ ఎంటీబీని (మౌంటెన్ బైక్‌ని) సింగిల్ స్పీడ్‌గా, అంటే ఒక్క గేర్‌తోనే నడిచేలా మార్చడం. వాట్సాప్‌లో రోజూ అవే ప్రశ్నలు వస్తున్నాయి, ఎంతవుద్ది, నా సైకిల్‌కి కుదురుద్దా, గేర్లు పీకేస్తే తర్వాత తొక్కగలమా అని, ఒక్కొక్కరికి విడివిడిగా టైప్ చేసే బదులు మొత్తం ఇక్కడే రాసేస్తున్నా. కాస్త పొడుగ్గా ఉంటది, డబ్బులు పెట్టేముందు ఓపిగ్గా చదవండి.

ముందు అసలు ఎందుకు మొదలుపెట్టామో చెప్తాను. 2020 లాక్‌డౌన్ టైంలో మన విజయవాడలో సైకిల్ కొనని ఇల్లు లేదన్నట్టు కొన్నారు, ఎక్కువ శాతం 18 గేర్లు, 21 గేర్ల ఎంటీబీలే. తర్వాత ఆఫీసులు తెరిచారు, పిల్లలు కాలేజీల్లో పడ్డారు, సైకిళ్లు అపార్ట్‌మెంట్ సెల్లార్లలో దుమ్ము పట్టి ఉండిపోయాయి. ఇప్పుడు వాటినే బయటికి తీసి మా దగ్గరికి తెస్తున్నారు. ఫ్రేమ్ బానే ఉంటది, రిమ్ములు బానే ఉంటాయి, పాడయ్యేదల్లా గేర్ల సామానే. హ్యాండిల్ మీద గేర్లు మార్చే షిఫ్టర్ లోపల ప్లాస్టిక్ పగిలిపోయుంటది, కేబుల్ తుప్పు పట్టి ఔటర్‌లోనే బిగుసుకుపోద్ది, పార్కింగ్‌లో పక్క బండి తగిలి వెనక డీరైలర్ (చైన్‌ని ఒక గేర్ నుంచి ఇంకో గేర్‌కి జరిపే సామాను) తగిలించే హ్యాంగర్ చక్రం వైపు వంగిపోయుంటది. ఇవన్నీ మార్చి గేర్లు మళ్లీ సరిగ్గా పడేలా చేయాలంటే మా షాపులో లేబర్‌తో కలిపి మూడు వేలు దాటుద్ది. అమ్మితే ఆ రేటు కూడా రాని సైకిల్ మీద మూడు వేలు పెట్టమని చెప్పడానికి నాకు మనసొప్పట్లేదండి.

ఇంకోటి గమనించాం. వెనక ఫ్రీవీల్, అదే చైన్ తిరిగే పళ్ల చక్రాల గుత్తి, ఊడదీసి బెంచ్ మీద పెట్టి లైట్ కింద చూస్తే ఆ మనిషి ఎలా తొక్కాడో తెలిసిపోద్ది. ఏడు పన్నుచక్రాల్లో ఒకటో రెండో మాత్రమే తెల్లగా మెరుస్తా పళ్లు ఒక పక్కకి అరిగి కొక్కేల్లా ఉంటాయి, మిగతావి కంపెనీ నుంచి వచ్చిన నలుపు కూడా పోకుండా అలాగే ఉంటాయి. ముందు చైన్ వీల్ కూడా అంతే, మధ్యది అరుగుద్ది, చిన్నదాన్ని ముట్టుకున్న పాపాన పోరు. బందరు రోడ్డు, కాలవ కట్టలు, బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు కరకట్ట, ఇదంతా చదునే కదా, ఒక గేర్‌లో పెట్టి అలాగే తొక్కుతారు. మన నాన్నలు, తాతలు 28 ఇంచుల నల్ల సైకిల్ మీద డెల్టా అంతా తిరిగారు, ముందు 44 లేదా 48 పళ్లు, వెనక 18, అంతే, వెనక వడ్ల బస్తా కూడా ఉండేది.

ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చి "ఏం బాబూ, 21 గేర్ల సైకిల్‌ని ఒక్క గేర్ సైకిల్ చేసి ఎదురు డబ్బులు కూడా తీసుకుంటావా" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆయనకి ఫ్రీవీల్ ఊడదీసి చూపించాను, ఏ పన్ను వాడారో ఏది వాడలేదో ఆయనే వేలితో తడిమి చూసుకున్నారు, ఆ తర్వాతే పని చెప్పారు. మీకు కూడా అంతే, ముందు చూపిస్తాం, తర్వాతే చేస్తాం.

ఇప్పుడు పని సంగతి. ఈ రేంజ్ సైకిళ్లలో ఎక్కువ వాటికి వెనక హబ్ (చక్రం మధ్యలో ఉండే భాగం) మీద ఫ్రీవీల్ మరలతో బిగించి ఉంటది. మీకు తెలుసో లేదో, ఆ మర సైజు మన మామూలు నల్ల సైకిల్ ఫ్రీవీల్‌ది ఒకటే, 1.37 ఇంచులు, ఇంచుకి 24 మరలు. అందుకే ఈ పని చవగ్గా అవుద్ది, ఎక్కడో ఇంపోర్ట్ కిట్ తెప్పించక్కర్లేదు, ఏ సైకిల్ స్టోర్లోనైనా దొరికే 18 పళ్ల సింగిల్ ఫ్రీవీల్ నేరుగా ఎక్కేస్తది. కష్టమంతా పాతది ఊడదీయడంలోనే ఉంది, తొక్కేకొద్దీ అది ఇంకా బిగుసుకుంటది, పైన తుప్పు. ముందు రోజు రాత్రి నూనె వేసి వదిలేస్తాం, పొద్దున రిమూవర్ టూల్‌ని గాళ్లలో కూర్చోబెట్టి అది జారకుండా యాక్సిల్ నట్టు వదులుగా పట్టిచ్చి, టూల్‌ని వైస్‌లో బిగించి, రిమ్మునే రెండు చేతులతో స్టీరింగులా పట్టుకుని అపసవ్యంగా తిప్పాలి. టక్కుమని ఒక్కసారి వదులుద్ది. వదలగానే నట్టు తీసేయాలి, లేకపోతే మరలు పాడైపోతాయి. ఉలి పెట్టి సుత్తితో కొట్టి తీసేవాళ్లు ఉన్నారు, దయచేసి అలా చేయించకండి, హబ్ పోతే చక్రం మొత్తం పోయినట్టే.

చైన్ గురించి చాలామంది వాదిస్తున్నారు, పాత చైనే వేసేయొచ్చు కదా అని. గేర్ చైన్ లోపల వెడల్పు 3/32 ఇంచు, సింగిల్ ఫ్రీవీల్ పళ్లు 1/8 ఇంచు చైన్‌కి తగ్గ లావుతో ఉంటాయి, గేర్ చైన్ వాటి మీద కూర్చోదు. కాబట్టి ఫ్రీవీల్‌తో పాటు చైన్ కూడా కొత్తది పడుద్ది. అదే చైన్ ముందున్న సన్నపాటి చైన్ వీల్ మీద మాత్రం బానే తిరుగుద్ది, ముందు సామాను మార్చక్కర్లేదు. చవక క్రాంకుల్లో మూడు చైన్ వీల్సూ రివెట్లతో కలిపే ఉంటాయి, వాటిని కోసి విడదీయమని అడుగుతున్నారు, వద్దండి, పెద్దది బయట ఉంటే మీ ప్యాంటుకి గార్డులా పనికొస్తది, చైన్ కూడా అటు పడదు.

తర్వాత చైన్ లైను, అంటే ముందు పళ్లు, వెనక పళ్లు ఒకే గీతలో ఉండటం. సింగిల్ ఫ్రీవీల్ హబ్ మీద బాగా లోపలికి కూర్చుంటది, ముందు మధ్య చైన్ వీల్ బయటికి ఉంటది, చైన్ వంకరగా నడిస్తే శబ్దం చేస్తది, తొందరగా అరుగుద్ది, గుంటలో పడ్డప్పుడు ఊడుద్ది. దీనికి యాక్సిల్ కుడివైపు స్పేసర్ తీసి ఎడమవైపు వేస్తాం, అప్పుడు హబ్ మొత్తం కుడికి జరుగుద్ది, రిమ్ము మళ్లీ మధ్యకి రావాలి కాబట్టి పుల్లలు సెట్ చేసి బెండు తీయాలి. ఈ పని మా దగ్గర పెద్ద మేస్త్రి ఒక్కరే చేస్తారు, అందుకే వారానికి కొన్నే తీసుకుంటున్నాం, తొందరపెట్టకండి. దీని వల్ల ఒక లాభం ఉంది, రెండు వైపుల పుల్లలు ఇంచుమించు సమానమైన బిగువుకి వస్తాయి, చక్రం ఇదివరకటికంటే గట్టిపడుద్ది. వెనక డిస్క్ బ్రేక్ ఉన్న సైకిల్‌కి మాత్రం స్పేసర్ జరిపితే డిస్క్ కూడా జరుగుద్ది, డిస్క్‌ని పట్టే కాలిపర్ అంత దూరం సర్దుకోదు, కాబట్టి వాటికి విడిగా చూసి చెప్పాలి.

మీ సైకిల్‌కి ఎంతవుద్ది అనేది అన్నిటికంటే ముందు వెనక చక్రం కూర్చునే గాడిని బట్టి ఉంటది. గాడి అడ్డంగా ఉంటే చక్రాన్ని వెనక్కి లాగి చైన్ బిగించేయొచ్చు, ఇదే సులువు, ఫ్రీవీల్, చైన్, లేబర్, పుల్లల పని అన్నీ కలిపి 950 రూపాయలు. గాడి నిలువుగా ఉంటే చక్రం వెనక్కి జరగదు, చైన్ బిగువుకి టెన్షనర్ కావాలి, కొత్తది కొనకుండా మీ పాత డీరైలర్‌నే టెన్షనర్‌గా వాడతాం, అది ఎంత దూరం జరగాలో ఆపే లిమిట్ స్క్రూతో లైనుకి తెస్తాం, సరిపోకపోతే చిన్న కేబుల్ ముక్క బిగించి అక్కడే ఆపేస్తాం. అది 1,150. మీ డీరైలర్ స్ప్రింగే చచ్చిపోయుంటే కొత్త టెన్షనర్ రేటు దానికి కలుస్తది, ఎంతో ముందే ఫోన్ చేసి చెప్తాం. కొంచెం ఖరీదైన సైకిళ్లకి మరల ఫ్రీవీల్ బదులు క్యాసెట్ (హబ్ మీదకి గాళ్లలో తోసి బిగించే పన్నుచక్రాల గుత్తి) ఉంటది, దానికి ఒక్క పన్నుచక్రం వేసి మిగతా జాగా స్పేసర్లతో నింపాలి, మీ పాత క్యాసెట్ రివెట్లు తీసి అందులో స్పేసర్లనే వాడతాం, పన్నుచక్రం మాత్రం సింగిల్ స్పీడ్ కోసం చేసిందే వేస్తాం, ఎందుకంటే గేర్ పళ్లు చైన్ సులువుగా దూకేలా కోసి ఉంటాయి, మనకి దూకకూడదు. ఇది 1,400 దాకా. క్యాసెట్ వాళ్లకి పాత చైన్ పనికిరావచ్చు, స్కేలు పెట్టి కొలుస్తాం, 12 ఇంచులు ఉండాల్సిన చోట 1/16 ఇంచు ఎక్కువ సాగితే మార్చాల్సిందే.

తొక్కడం ఎలా ఉంటదంటే, 26 ఇంచుల చక్రానికి ముందు 34, వెనక 18 పళ్లు పెడితే పెడల్ ఒక్క చుట్టుకి సుమారు 3.9 మీటర్లు వెళ్తది, నిమిషానికి 75 సార్లు తొక్కితే గంటకి 17, 18 కిలోమీటర్లు. నేను చాలామందికి ఇదే సలహా ఇస్తున్నా. స్పీడ్ కావాలన్న కుర్రాళ్లకి 34 మీద 16 వేస్తున్నాం, అప్పుడు అదే తొక్కుడుకి 20 దాకా వస్తది, కానీ సాయంత్రం బ్యారేజీ మీద ఎదురుగాలికి తొడలు లాగేస్తాయి, ఆలోచించుకోండి. ఇది ఫిక్సీ (చక్రం తిరిగినంతసేపూ పెడల్ కూడా తిరిగే సైకిల్) కాదండీ, తొక్కడం ఆపితే సైకిల్ మామూలుగానే సాగుద్ది, ముందు వెనక రెండు బ్రేకులూ ఉంటాయి. బ్రేక్ తీసేయమని ఎవరడిగినా మేము చేయం.

ఇక ఎవరు చేయించుకోకూడదో కూడా చెప్పాలి. క్రీస్తురాజపురం, మొగల్రాజపురం కొండవాలు ఇళ్లవాళ్లు వద్దు, రోజూ దిగి తోసుకుంటా వెళ్లాల్సొస్తది. ఆదివారం కొండపల్లి కోట ఘాట్ ఎక్కేవాళ్లు వద్దు. మోకాలి నొప్పి ఉన్నవాళ్లు అస్సలు వద్దు, వాళ్లకి తేలిక గేర్ అవసరం, వాళ్ల గేర్లు బాగుచేసి ఇస్తాం, అవసరమైతే మన మార్జిన్ తగ్గించుకునైనా చేస్తాం. ఫ్రేమ్ వెల్డింగ్ దగ్గర గీత కనిపించినా పని తీసుకోం. ముందు సస్పెన్షన్ కూడా తీసి మామూలు ఫోర్క్ వేయమంటున్నారు, బరువు తగ్గుద్ది నిజమే, కానీ పొడవు సరిపోయే ఫోర్క్ దొరక్కపోతే హ్యాండిల్ తీరే మారిపోద్ది, పైగా బడ్జెట్ డబులవుద్ది. గేర్ల సామాను తీసేస్తేనే కిలో దాకా తగ్గుద్ది, చాలు.

లెక్క దాచుకోకుండా చెప్తున్నా, ఈ పనిలో మాకు మిగిలేది తక్కువ. కొత్త సైకిల్ అమ్మితే ఇంతకంటే ఎక్కువ మిగులుద్ది. అయినా మంచి ఫ్రేములు పాత ఇనుము రేటుకి తూకానికి వెళ్లిపోతుంటే చూడలేకపోతున్నాం, ఈ సైకిళ్లు మళ్లీ రోడ్డెక్కాలి, స్కూలుకీ పాలకీ డ్యూటీకీ తిరగాలి, అది నాకు నిజంగా కావాలి. తిరిగే సైకిల్‌కి పంక్చరూ సర్వీసూ వస్తాయి, షాపు వాటితో నడుస్తది.

ఒక హోల్‌సేలర్ దగ్గర ఈ మధ్య వచ్చిన ఫ్రీవీల్స్ తిప్పితే అటూ ఇటూ ఊగుతున్నాయి, ఆ లాటు మొత్తం వెనక్కి పంపేశాం. ఇప్పుడు వేసే ప్రతిదీ బిగించేముందు మీ ఎదుటే తిప్పి చూపిస్తాం. చైన్ పైకీ కిందికీ అర ఇంచు ఆడాలి, అంతకంటే బిగువుంటే బేరింగులు తింటది, వదులైతే ఊడుద్ది. చైన్ వీల్ పర్ఫెక్ట్ గుండ్రంగా ఉండదు కాబట్టి పెడల్ మొత్తం చుట్టు తిప్పుతా ఎక్కడ బాగా బిగిస్తుందో అక్కడే కొలవాలి. కొత్త చైన్ మొదట్లో కాస్త సర్దుకుంటది, నెల తర్వాత ఒకసారి తెండి, బిగువు ఫ్రీగా చూస్తాం, మూడు నెలల్లోపు ఎన్నిసార్లైనా సరే.

సైకిల్ తెచ్చేముందు వెనక గాడి ఫొటో ఒకటి, ఫ్రీవీల్ దగ్గరగా ఫొటో ఒకటి వాట్సాప్‌లో పెట్టండి, ఏ రకమో ఎంతవుద్దో చెప్పేస్తాం. సోమవారం నుంచి గురువారం లోపు ఇస్తే శనివారం సాయంత్రానికి రెడీ. తీసేసిన షిఫ్టర్లు, డీరైలర్, ఫ్రీవీల్ అన్నీ సంచిలో వేసి మీకే ఇస్తాం, రేపు మళ్లీ గేర్లు కావాలనిపిస్తే బాగున్నవాటితోనే బిగించొచ్చు, కేబుళ్లు మాత్రం కొత్తవి పడతాయి.