ఆ గదికి రెండేళ్లు ఎందుకు పట్టిందంటే

నాన్నగారికి,

నమస్కారాలు. మొన్న ఫోన్లో మీరు "అంత చిన్న గది కట్టడానికి రెండేళ్లు ఎందుకు పట్టిందిరా?" అని అడిగారు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. తీరిగ్గా రాస్తేనే మీకు నచ్చుతుందనిపించి కూర్చున్నాను.

వేట సీజన్‌లో నలుగురం నాలుగైదు రోజులు తలదాచుకోవడానికి కట్టుకున్న గది అది. 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. మొదలుపెట్టినప్పుడు వెచ్చగా ఉంటే చాలనుకున్నాను. ఇప్పుడు అడిగితే మాత్రం పొడిగా ఉండాలంటాను. రోజంతా మంచులో, వానలో తిరిగి తడిసి వచ్చే మనుషులు రాత్రికల్లా ఆరకపోతే ఎంత మంట వేసినా వణుకుతూనే ఉంటారు. మా ఆలస్యమంతా ఈ ఒక్క సంగతి తెలుసుకోవడానికే పట్టింది.

మొదటి ఏడాది చాలాభాగం స్థలం చూడటానికే పోయింది. వాగు పక్కన చూడముచ్చటైన చోటు ఒకటి ఉంది, అందరికీ అక్కడే కట్టాలని ఉంది. మంచు కరిగే రోజుల్లో ఒకసారి చూద్దామని ఆగాం. చూస్తే ఆ చోటంతా మడమల లోతు నీళ్లు! కాస్త పైన ఉన్న మిట్టకి మారాం. మీదకి వంగి ఉన్న ఎండు చెట్లు రెండుంటే ముందు వాటిని కొట్టేశాం.

పునాది సంగతి మీకు ఆసక్తిగా ఉంటుంది. ఇక్కడి చలికి నేలలోని నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, పైనున్న దేన్నైనా ఎత్తేస్తుంది. చలి దిగే లోతు కన్నా కిందకి తవ్వి స్తంభాలు దింపడం ఒక పద్ధతి. మెత్తటి మట్టి తీసేసి, నీరు నిలవకుండా కంకర మందంగా పరిచి, దాని మీద కాంక్రీటు దిమ్మెలు పెట్టడం ఇంకోటి. మేం రెండోది చేశాం. ఏటా మంచు కరిగాక రసమట్టం పెట్టి చూసి, ఎక్కడైనా దిగితే జాకీతో ఎత్తి పలుచటి బద్ద దోపాలి. చిన్న గది కాబట్టి అది చెయ్యగలం. దిమ్మెల మీద గదిని నేలకి అడుగున్నర ఎత్తులో నిలిపాం, కింద గాలి ఆడుతుంది.

మూలలు కలపడానికి మీ దారం పద్ధతే వాడాను. ఒకవైపు 12, ఒకవైపు 16 అయితే మూల నుంచి మూలకి సరిగ్గా 20 అడుగులు రావాలి కదా. మొదట బొటనవేలంత తేడా వచ్చింది. పైన గోడలు లేచాక తెలియదులే అన్నారు మిగతావాళ్లు. నేను ఒప్పుకోలేదు. సగం పూట పట్టింది కానీ, తర్వాత కప్పు రేకులు ఒక్కటి కూడా కొయ్యకుండా సరిపోయాయి.

కప్పు బాగా వాలుగా పెట్టాం, మంచు దానంతట అదే జారిపోవాలని. తలుపు ఆ జారే వైపు కాకుండా ముక్కోణపు గోడకి పెట్టాం. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. బయటికి తెరిచే తలుపైతే రాత్రి మంచు పేరుకుంటే పొద్దున లోపలే చిక్కుకుపోతాం.

ఇక నా తప్పు చెబుతాను. కప్పు రేకు కింద వేడి ఆపే పొర తర్వాత వేసుకుందామని పట్టుబట్టింది నేనే. మొదటి రాత్రి నలుగురి ఊపిరి, తడి బట్టల ఆవిరి, గ్యాస్ దీపం ఆవిరి అన్నీ చల్లటి రేకుకి తగిలి నీళ్లయ్యాయి. తెల్లవారుజామున మొహాల మీద చుక్కలు పడి లేచాం, దుప్పట్లు తడిసిపోయాయి. మర్నాడే ఇంటికి వచ్చేశాం. రెండో ఏడాది పొర వేసి, దాని లోపలి వైపు, అంటే వెచ్చటి వైపు, ఆవిరి దాటకుండా షీటు కొట్టాం. పొరకీ రేకుకీ మధ్య గాలి ఆడే సందు వదిలాం. చూరు కింద ఒకటి, నేల దగ్గర ఒకటి, మూసి తెరిచే కన్నాలు పెట్టాం. ఆ తర్వాత ఒక్క చుక్క పడలేదు.

అమ్మ భయమంతా పొయ్యి గురించే కదా, కాబట్టి వివరంగా రాస్తున్నాను, చదివి వినిపించండి. కట్టెల పొయ్యిని చెక్క గోడలకి 36 అంగుళాల దూరంలో, రాతి పలకల మీద పెట్టాం. పొగగొట్టం కప్పు దాటేచోట లోపల వేడి ఆపే రకం వాడాం. గొట్టం కప్పు నుంచి కనీసం 3 అడుగులు పైకి లేవాలి, 10 అడుగుల లోపు ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుండాలి. మొదట పొట్టిగా పెడితే గాలి వీచినప్పుడల్లా పొగ లోపలికి తన్నేది, పొడిగించాక ఆగింది. పచ్చి కట్టెలు కాలిస్తే గొట్టంలో తారులాంటి మసి పేరుకుని ఎప్పుడో ఒకరోజు అంటుకుంటుంది. అందుకే ఏడాది ముందే చీల్చి, కప్పు కింద పేర్చి ఆరబెట్టినవే వాడతాం. సీజన్‌కి ముందు గొట్టం తోమడం నా పని. కార్బన్ మోనాక్సైడ్ అలారం మంచం ఎత్తులో ఉంది. ఆ వాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వెళ్లగానే బ్యాటరీ చూడకుండా పొయ్యి వెలిగించం.

లోపల సామాను తక్కువే. రెండంతస్తుల మంచాలు రెండు, మడిచే బల్ల, తలుపు పక్కన బూట్లు విప్పుకోవడానికి బెంచీ. మేకులు మాత్రం ఎన్ని కొట్టినా చాలలేదు, పొయ్యికి కాస్త ఎడంగా దండెం కూడా కట్టాం. తుపాకుల్లో తూటాలు బయటే తీసేస్తాం. తుపాకులకి తాళం వేసిన బీరువా, తూటాలకి వేరే తాళం పెట్టె. చలిలోంచి వెచ్చటి గదిలోకి తెస్తే ఇనుముకి కూడా చెమట పడుతుంది నాన్నగారూ, తుడవకపోతే తుప్పే. అందుకని మూసిన సంచిలోనే కాసేపు ఉంచి, గది వేడికి వచ్చాక తీసి తుడుస్తాం.

ఎలుకలకి పెన్సిల్ పట్టేంత సందు చాలు. కనిపించిన ప్రతి కన్నంలో ఉక్కు పీచు కుక్కాం, పరుపులు తాళ్లతో పైకి కట్టి వస్తాం. నీళ్ల డబ్బాలు ఖాళీ చేస్తాం, లేకపోతే గడ్డకట్టి పగులుతాయి.

ఒక్క విషయం మీరే చెప్పాలి. తలుపు అడుగున గడపకి రాసుకుంటోంది. వానాకాలంలోనే బిగించాం, చెక్క ఇంకా తడి మీద ఉందేమో. ఇప్పుడే చిత్రిక పట్టనా, ఆరేదాకా ఆగనా? వచ్చే నెల మళ్లీ వెళతాం. ఈలోగా మీ మాట తెలిస్తే అలాగే చేస్తాను.

ఇట్లు,
మీ అబ్బాయి