ఫ్యామిలీ ఫొటోలు చూసి ఓపిగ్గా చెప్పినోళ్లందరికీ బోలెడు థాంక్స్

అందరికీ పేరుపేరునా థాంక్స్ అండీ. ఆరుబయట తీసిన మా ఫ్యామిలీ ఫొటోలు చూపించి మొహమాటం లేకుండా చెప్పండి అన్నానని, సూపర్ అని ఒక్క ముక్క అనేసి పోకుండా ఒక్కో ఫొటో జూమ్ చేసి చూసి, బాగోలేదు అన్నచోటల్లా ఎందుకు బాగోలేదో కూడా రాశారు చూడండి, ఆ "ఎందుకు" వల్లే నాకు పనైంది.

ముందుగా, వెనక వరసలో వాళ్ల కళ్లు ఎందుకు మసకగా వచ్చాయో లెక్కేసి మరీ చెప్పిన అన్నకి. ఫుల్ ఫ్రేమ్ కెమెరా (పెద్ద సెన్సర్ ఉన్నది) మీద 50 ఎంఎం లెన్స్‌తో ఎఫ్ 1.8లో, అంటే లెన్స్ రంధ్రం బాగా తెరిచి, రెండున్నర మీటర్ల నుంచి తీస్తే షార్ప్‌గా వచ్చే లోతు మొత్తం కలిపి సుమారు 27 సెంటీమీటర్లేనట, అంటే జానెడు మీద కాస్త, అందులో రెండు వరసల మనుషులు ఎక్కడ పడతారు చెప్పండి. రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 5.6కి వెళ్తే అదే దూరంలో దాదాపు మూడు రెట్లు వస్తుంది. మరి బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ పోతుంది కదా అని నేను గొణిగితే, "మనుషుల్ని పొదలకి ఆనించి నిలబెట్టకు, పది అడుగులు ముందుకి లాగు" అన్నారు. అంతే! లెన్స్ మార్చలేదు, ఏం కొనలేదు, వెనక ఆకులన్నీ చక్కగా కరిగిపోయాయి.

తర్వాత వెలుతురు సంగతి రాసిన అక్క. చెట్టుకింద నీడే కదా అని నిలబెడితే ఆకుల సందుల్లోంచి ఎండ మచ్చలు మచ్చలుగా మొహాల మీద పడుతుంది, సగం బుగ్గ తెల్లగా పేలిపోతుంది, తర్వాత ఎడిటింగ్‌లో ఎంత లాగినా పేలిపోయిన చోట ఏమీ ఉండదు. అందుకని నీడ అంచు దాకా వచ్చి మొహాలు తెరిపి ఆకాశం వైపు తిప్పమన్నారు, అలా తిప్పగానే కళ్లలో ఆ చిన్న తెల్ల మెరుపు వచ్చేసింది, మనిషి లేచి కూర్చున్నట్టు ఉంది ఫొటోలో. ఇంకోటి, గడ్డి మీద కూర్చుంటే కింద నుంచి ఆకుపచ్చ రంగు గడ్డాల మీదకి కొడుతుందని కూడా ఆవిడే అన్నారు, నేను నమ్మలా, జూమ్ చేస్తే తెల్ల చొక్కా కాలర్ అడుగుభాగం నిజంగానే పచ్చగా ఉంది.

పగలు కూడా ఫ్లాష్ కొట్టమన్న వాళ్లకి థాంక్సే గానీ నాకింకా మనసొప్పట్లేదు. చాలా కెమెరాల్లో మామూలు ఫ్లాష్‌కి షటర్ వేగం సెకనులో 1/200, 1/250 వంతు దాటదు, అంతకంటే వేగంగా కూడా ఫ్లాష్ పనిచేసేలా హైస్పీడ్ సింక్ పెడితే ఫ్లాష్ బలం తగ్గిపోతుంది, ఇదంతా సర్దేలోపు పిల్లలు ఎక్కడుంటారో తెలీదు. సాయంత్రం పొద్దు వాలాక తీస్తే ఆ గొడవే లేదు కదా అని నా వాదన, కాదంటే మళ్లీ తిట్టండి.

తలలన్నీ గీత గీసినట్టు ఒకే ఎత్తులో ఉండకూడదు, మణికట్టు దగ్గర ఫ్రేమ్ కోయకూడదు, వెనక స్తంభం తలలోంచి మొలవకూడదు, ఇవన్నీ ఇప్పుడు బటన్ నొక్కేముందే కంట్లో పడుతున్నాయి. అందరూ కెమెరా వైపే చూడాలని రూలేం లేదు అన్నవాళ్లకి మాత్రం స్పెషల్ థాంక్స్. బుడ్డోడు నానమ్మ ముక్కుపుడక పట్టుకుని లాగుతుంటే ఆవిడ ఒక కన్ను మూసి నవ్వుతున్న ఫొటో ఒకటుంది, షటర్ 1/500లో పెట్టి వరసగా కొట్టేస్తే ఒకటి దొరికింది, వాడి వేళ్లు కూడా షార్ప్‌గా ఉన్నాయి. ఇంట్లో వాళ్లు ప్రింట్ వేయించమంటున్నది అదొక్కటే, నేను కష్టపడి పోజులు పెట్టినవి ఎవరూ పట్టించుకోలేదు!

కొత్తవి కింద పెట్టాను, వీటినీ అలాగే ఉతికేయండి. తాతయ్య కళ్లజోడులో ఆకాశం తెల్లగా కనపడటం మాత్రం ఇంకా పోలేదు, గడ్డం కాస్త దించమంటే కొంత తగ్గింది, కళ్లజోడు కాడలు చెవుల మీద కొంచెం పైకి లేపితే అద్దాలు కిందికి వంగి మొత్తం పోతుందంటున్నారు, ఆయన్ని కదిలించకుండా ఇంకేదైనా దారుంటే చెప్పండి, ఎందుకంటే ఆయన కళ్లజోడు ఎవర్నీ ముట్టుకోనివ్వరు.