కర్నూలు పురుగుల పరిశీలన సంఘం: వార్షిక నివేదిక

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే. నేరుగా ఈ ఏడాది పనిలోకి వస్తాను.

ఈసారి హెమిప్టెరా అనే కీటకాల క్రమాన్ని తీసుకున్నాం. గుచ్చి రసం పీల్చే ముక్కు ఉన్న పురుగులు ఇవి. మంచాల్లో నల్లి, పత్తి మీద తెల్లదోమ, పచ్చదోమ, పిండినల్లి, వేరుశనగ మీద పేనుబంక అన్నీ ఈ కోవలోవే. మన పాత చార్టుల్లో పేనుబంకను, పచ్చదోమను కలిపి హోమాప్టెరా అని రాసి ఉండేది. ఆ వర్గాన్ని శాస్త్రజ్ఞులు వదిలేసి చాలా కాలమైంది. ఇప్పుడు పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి స్టెర్నోరింకా అనే ఉపక్రమంలోకి, పచ్చదోమ ఆకినోరింకా అనే ఉపక్రమంలోకి వెళ్లాయి. చార్టులన్నీ మార్చి రాయించాం. డబ్బు తీసుకోకుండా ఫ్లెక్సీలు వేసిచ్చిన ప్రెస్సు వారికి, చేలల్లోకి రానిచ్చిన రైతులకు, పెట్టెలు చేసిచ్చిన వడ్రంగి అన్నకు, పిల్లలకు మజ్జిగ పోసిన తల్లులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

తొలకరి పడ్డాక ఆదోని దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో పెట్టిన ప్రదర్శన మన సంఘం గర్వంగా చెప్పుకోదగ్గది. పోయిన పత్తి తీతలప్పుడు పట్టిన ఎర్ర పురుగులే అందరినీ ఆకట్టుకున్నాయి. పిల్లలు భూతద్దం పెట్టి చూశారు. ముందు రెక్క పైసగం తోలులా మందంగా, కింది సగం పల్చటి పొరలా ఉంటుంది. రెండు రెక్కలూ ముడిస్తే వీపు మీద ఇంటూ గుర్తు పడుతుంది. తిప్పి చూస్తే పొట్ట మీద తెల్ల చారలు, తల కింద మడిచిపెట్టిన ముక్కు. ఆ ముక్కుతోనే పగిలిన కాయలో గింజను పీలుస్తుంది, దూదికి మరక పడి ధర పోతుంది.

దాని లేబుల్ మీద డిస్‌డెర్కస్ కోనిగి (ఫాబ్రిషియస్, 1775) అని రాశాం. దీనికి 1775లో పేరు పెట్టిన శాస్త్రజ్ఞుడు ఫాబ్రిషియస్ మొదట దీన్ని సైమెక్స్ ప్రజాతిలో పెట్టాడు. 1758లో, జీవులకు రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ మంచం నల్లిని చేర్చిన ప్రజాతి అదే. తర్వాత ప్రజాతి మారింది కాబట్టే ఫాబ్రిషియస్ పేరు బ్రాకెట్లో ఉంది. ఇక కోనిగి అన్న మాట కోనిగ్ పేరు మీద పెట్టింది. ఆయన లిన్నేయస్ శిష్యుడు, దక్షిణాదిన తిరిగి మొక్కలూ పురుగులూ సేకరించిన వైద్యుడు. 1785లో మన కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. ఈ సంగతి చెప్పగానే వెనక బెంచీల పిల్లలు కూడా ముందుకొచ్చారు.

ఒక పాప అగ్గిపెట్టెలో ఆరుద్ర పురుగును తెచ్చింది. కాళ్లు లెక్కపెట్టమంటే ఎనిమిది వచ్చాయి. కీటకానికి ఆరే కాళ్లు కాబట్టి అది కీటకమే కాదు. చేలల్లో ఎర్రనల్లి కూడా దాని చుట్టమే, పిండినల్లికి చుట్టం కాదు. అందుకే ఎర్రనల్లికి, పిండినల్లికి వాడే మందులు వేరు. పేరు సరిగ్గా తెలియక రైతు డబ్బు మట్టిలో పోస్తున్నాడు.

ప్రారంభానికి వస్తానని మాటిచ్చిన అధికారి రాలేదు. పిల్లలు ఎండలో నిలబడ్డారు. మైక్రోస్కోపు కోసం ఒక కళాశాలకు రాసిన ఉత్తరాలకు జవాబే లేదు.

అంతకంటే బాధ మన వాళ్లతోనే. సేకరణకు పేర్లిచ్చి, వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు పెట్టి, తెల్లారేసరికి ఫోన్ ఆపేసేవారు ఎక్కువయ్యారు. వచ్చినవారిలో కొందరు లేబుళ్లు ఖాళీగా వదిలేశారు. ఊరు, తేదీ, ఏ మొక్క మీద దొరికింది, ఎవరు పట్టారు అన్నవి లేకపోతే ఆ పురుగుతో ఎవరికీ ఉపయోగం లేదు. మంచి నమూనాలను పారేయాల్సి వచ్చింది.

జమాఖర్చుల పట్టిక జతచేశాం. చందాలు, విరాళాలతోనే గడిచింది, అప్పు లేదు. సభ ఆమోదించాలని మనవి.

వచ్చే ఏడాది కె.సి. కెనాల్ పక్క మడుగుల్లో నీటి పురుగులు చూద్దాం. వాటిలో డిప్లోనికస్ అనే పురుగులో మగది గుడ్లను వీపు మీద మోస్తుంది. అలాంటిది దొరికితే ఫొటో తీసి వదిలేయండి, పట్టవద్దు. లేబుళ్లు పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను ఇంకు చెమ్మకు చెరిగిపోతుంది. రానివారు ముందురోజే చెప్పండి.

ఇట్లు,
కార్యదర్శి