చెరువు ఒడ్డు కోత, నాటవలసిన మొక్కలు

సభ్యులందరికీ నమస్కారం. కోతకు గురవుతున్న ఒడ్డుకు సిమెంటు గోడ కట్టాలన్న సూచనతో నేను ఏకీభవించలేకపోతున్నాను. గోడకు కొట్టుకున్న అల వెనక్కి మళ్లి గోడ అడుగున ఉన్న మట్టినే తోడేస్తుంది. అదే అల తుంగ, జమ్ము దుబ్బుల మధ్యకు వస్తే కాడకాడకూ తగిలి బలం తగ్గి, తనతో తెచ్చిన ఒండ్రును అక్కడే వదిలిపోతుంది.

అందుచేత లోతు తక్కువ నీటిలో జమ్ము, తడి అంచున తుంగ, పైవాలులో వట్టివేరు నాటడం మేలు. వట్టివేరు వేళ్లు 3 మీటర్ల లోతుకు నిలువుగా దిగుతాయి. ఒక దుబ్బును పెకలించి చూడండి, ఆ పీచువేళ్లను పట్టుకున్న మట్టి ఎంత దులిపినా పూర్తిగా రాలదు. పిలకలను 15 సెంటీమీటర్ల ఎడంతో, వాలుకు అడ్డంగా వరుసల్లో నాటాలి. జమ్మును మాత్రం ఏటా పలుచన చేయకపోతే చెరువును ఆక్రమిస్తుంది.

వేళ్లూనేదాకా కొబ్బరిపీచు చాపలు పరిచి, పశువులు దిగకుండా కంచె వేయాలి; నా దృష్టిలో నాటడం కన్నా ఈ కాపలాయే ముఖ్యం. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్కను, పూలు అందంగా ఉన్నాయని, దయచేసి ఎవరూ తెచ్చి వేయవద్దు. నీటిమట్టం తగ్గగానే పని మొదలుపెడదాం. రాగలిగినవారు ఇక్కడే తెలియజేయగలరు.