డాలస్ తెలుగు హోమ్‌బ్రూ మిత్రుల వార్షిక నివేదిక

అందరికీ నమస్కారం. ఇంట్లోనే బీరు కాచుకునే (హోమ్‌బ్రూ) మన సంఘం జనరల్ బాడీకి ముందు సెక్రటరీ నివేదిక ఇవ్వాలి కాబట్టి రాస్తున్నాను. ఇంకో కారణం, ఈ ఏడాది కొందరు చేసిన చాకిరీ మిగతావాళ్లకి తెలియాలి.

మే మొదటి శనివారం, జాతీయ హోమ్‌బ్రూ దినం సందర్భంగా, అందరం కలిసి గోధుమ బీరు కాచి తలా ఐదు గ్యాలన్లు బకెట్లలో పులియబెట్టడానికి ఇళ్లకి పట్టుకెళ్లాం కదా, ఆదివారం సాయంత్రానికి వాట్సాప్ గ్రూపు నిండా పొంగిన బకెట్ల ఫొటోలే. ఒకరింట్లో మూత ఎగిరి నురగ గరాజు సీలింగుకి కొట్టింది. బ్యాచ్ పాడైందా, పారబోయాలా అని అందరికీ టెన్షన్. పారబోయనక్కర్లేదు. గోధుమ మాల్టులో (మొలకెత్తించి ఆరబెట్టిన గోధుమల్లో) ప్రొటీన్ ఎక్కువ, హెఫెవైజెన్ అనే జర్మన్ గోధుమ బీరుకి వాడే ఈస్ట్ నురగని బాగా పైకి తెస్తుంది, దానికి టెక్సస్ గరాజు వేడి తోడైతే మొదటి ఒకటి రెండు రోజులు దోసె పిండిలా పొంగుతుంది. గ్యాస్ బయటికి తోస్తున్నంతసేపూ క్రిములు లోపలికి పోవడం కష్టం.

అందుకే ఇలా పొంగితే ఏం చేయాలో చూపించడానికి జూన్‌లో డెమో పెట్టాం. ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన పని ఇదే. హాలు ఇవ్వమని ఉత్తరాలు రాస్తే హాలు వాళ్ల ఆఫీసు నుంచి జవాబే లేదు, ఇంట్లో బీరు కాచుకోవడానికి ఫెడరల్ చట్టం 1978లోనే ఒప్పుకుందని (ఏడాదికి ఒక్కరే పెద్దవాళ్లున్న ఇంటికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా ఎక్కువమంది పెద్దలున్న ఇంటికి 200, అమ్మకూడదు) కాయితం జతచేసినా సరే. చివరికి ఒక సభ్యుడి గరాజులోనే కానిచ్చాం. హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు) పిప్పితో బిగుసుకుపోయిన ఎయిర్‌లాక్ (గ్యాస్‌ని బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని చిన్న బిరడా), ఉబ్బి పైకి లేచిన మూత అందరూ దగ్గర్నుంచి చూశారు. అలాంటప్పుడు మొహం పక్కకి పెట్టి, మూత మీద తడి టవల్ కప్పి, ఒక అంచు మెల్లగా లేపాలి. తర్వాత ఎయిర్‌లాక్ తీసేసి అంగుళం లావు ట్యూబు బిగించి రెండో కొసని శానిటైజర్ (సామాన్ల మీద క్రిముల్ని చంపే మందు) కలిపిన నీళ్ల గిన్నెలో ముంచాలి. బీరు చల్లబెట్టేముందు ఆ ట్యూబు తీసేయండి, లేకపోతే గిన్నెలో నీళ్లు వెనక్కి లాక్కుంటుంది. గాజు కార్‌బాయ్‌లు (సన్న మూతి పెద్ద జాడీలు) వాడేవాళ్లు మరీ జాగ్రత్త, దారి మూసుకుపోతే పగులుతాయి. సిమెథికోన్ చుక్కలు (పసిపిల్లల గ్యాస్ మందులో ఉండేదే) వేసినా నురగ అణుగుతుంది. నేల మీద పడ్డది అప్పటికప్పుడు వేడినీళ్లతో తుడవాలి, ఎండితే గీకాల్సిందే, ఈగలు ముసురుతాయి.

గరాజు ఇచ్చిన దంపతులకి, ట్యూబులు కోసి పెట్టిన కుర్రాళ్లకి, అందరికీ పులిహోర చేసి తెచ్చిన అక్కయ్యలకి, సామాన్లు మోసిన పక్కింటి అమెరికన్ మిత్రుడికి చేతులెత్తి నమస్కారం.

ఒక మాట మాత్రం చెప్పక తప్పదు. రుచి చూడ్డానికి వచ్చినవాళ్లలో సగం మంది కూడా కడగడానికి ఆగలేదు. వలంటీర్ల లిస్టులో పేరు రాసి ఫోనెత్తని వాళ్లూ ఉన్నారు. బకెట్లు కడిగింది అదే నలుగురు, ప్రతిసారీ వాళ్లే. ఇది న్యాయం కాదు.

జమాఖర్చుల కాయితం ట్రెజరర్ గారు మీటింగులో పంచుతారు, చందాలు సరిపోయాయి, అప్పుల్లేవు.

ఈసారి సామాన్ల బాధ్యతకి కొత్తవాళ్లు ముందుకి రావాలి, పేర్లు మీటింగుకి ముందే ఇవ్వండి. సంఘం ట్యూబులు, బకెట్లు ఎవరి దగ్గరున్నా ఆ రోజు కడిగి తెచ్చివ్వండి.

మీ సెక్రటరీ