సమాధులెక్కి ఫొటోలా?
ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్‌లో, పెయిన్‌స్విక్ సెయింట్ మేరీ చర్చి ఆవరణలోని పాత రాతి సమాధుల మీద సందర్శకులు ఎక్కడం ఆగాలి. 17, 18 శతాబ్దాల్లో ఉన్ని బట్టల వ్యాపారంతో బాగుపడిన కుటుంబాలు అక్కడి సున్నపురాయితో కట్టించుకున్నవి అవి. కొన్ని పెట్టెల్లా, కొన్ని టీపొడి డబ్బాల్లా నిలువుగా ఉంటాయి. మొన్న వెళ్లినప్పుడు, గుండ్రంగా కత్తిరించిన యూ చెట్ల మధ్య ఫొటోల కోసం పిల్లల్ని ఆ సమాధుల మీద నిలబెడుతున్నారు, మన తెలుగువాళ్లు కూడా. చెక్కిన ముఖాలు ఇప్పటికే అరిగిపోయాయి, చూస్తే బాధేసింది. ఇలాంటి సమాధుల్లో పలకల్ని పట్టి ఉంచే ఇనుప బిగింపులు తుప్పుపట్టి ఉబ్బితే రాయి చీలుతుంది. సిమెంటు పూస్తే తేమ బయటికి పోక ఇంకా పాడవుతుంది. గేటు దగ్గరే ‘ఎక్కవద్దు’ అని బోర్డు పెట్టాలి. మరమ్మతులు సున్నంతో, స్టెయిన్‌లెస్ స్టీల్ బిగింపులతోనే చేయించాలి.